యాంప్లిఫయర్లు నిజంగా వేరేగా వినిపిస్తాయా? దుప్పటి కప్పి విన్నాం



ఈ ఎపిసోడ్ "ఏ యాంప్ కొనాలి" అని చెప్పే ఎపిసోడ్ కాదు. ఒక రకంగా ఇది నా తప్పు నేను ఒప్పుకునే ఎపిసోడ్. నాలుగు నెలల కిందట రెండు యాంప్లిఫయర్లు పక్కపక్కన పెట్టి ఒక వీడియో చేశాను, మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకటి మా గ్రూపులో అన్న దగ్గరున్న ఇంపోర్టెడ్ యాంప్, ధర లక్షా ఎనభై వేలు. రెండోది మా మాస్టారు 1988లో స్వయంగా అసెంబుల్ చేసుకున్న యాంప్. రెండూ విని, కెమెరా వైపు చూసి నేను ఏమన్నానో గుర్తుందా? "తెర తీసేసినట్టుంది, పాట మొత్తం విచ్చుకుంది, పాత యాంప్‌లో ఇదంతా దాక్కుని ఉంది" అన్నాను. చాలా ధీమాగా అన్నాను.

ఆ వీడియో చూసి ఒకాయన తన రిటైర్మెంట్ డబ్బుల్లోంచి లక్షా ఎనభై వేలు తీసి అదే యాంప్ కొందామని నిర్ణయించుకున్నారు. ఆయన ఎవరో కాదు, మా మాస్టారే.

మాస్టారి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసేవారు, ఇప్పుడు అరవై నాలుగేళ్లు, ఇల్లు సైనిక్‌పురిలో. ఆ యాంప్‌లో వాడినవి 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. 1960లలో ఆర్‌సీఏ కంపెనీ తెచ్చిన, గుండ్రటి లోహపు టోపీలాంటి ట్రాన్సిస్టర్ అది. మన దగ్గర ఒక తరం మొత్తం దాని మీదే యాంప్‌లు కట్టడం నేర్చుకుంది. ఆయన కోఠిలో పార్ట్‌లు కొని, రాగి బోర్డు మీద పెయింటుతో ట్రాకులు గీసి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి పీసీబీ చేసుకున్నారు. ఛానల్‌కి పాతిక వాట్లు వస్తుంది. అలాంటి మనిషి నాకు ఫోన్ చేసి, "ఏమయ్యా, నా యాంప్ పనైపోయింది. ఈ మధ్య పాటల్లో మెరుపు ఉండట్లేదు. జల్లరలు, వయొలిన్లు అన్నీ మొద్దుబారాయి. నువ్వు చెప్పినట్టు తెర పడ్డట్టే ఉంది. ఆ ఇంపోర్టెడ్‌ది తీసుకుందామనుకుంటున్నా, వచ్చే వారం అడ్వాన్స్ ఇస్తా" అన్నారు.

"నువ్వు చెప్పినట్టు" అనే మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నేను సరిగ్గా చెప్పానో లేదో నాకే తెలీదు. ఉద్యోగం చేసేటప్పుడు ఎవరైనా వచ్చి "కొత్త కోడ్ ఫాస్ట్‌గా ఉంది, చూస్తేనే తెలుస్తోంది" అంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. కొలిచావా, ఎన్నిసార్లు రన్ చేశావు, మిగతావన్నీ ఒకేలా ఉంచావా అని అడిగేవాణ్ణి. అదే నేను యాంప్ దగ్గరికొచ్చేసరికి, ధర తెలిసి, కళ్లెదురుగా మెరిసే బాక్స్ చూస్తూ, చెవులతో విన్నానని చెప్పేశాను.

అందుకే మాస్టారిని ఒక్క ఆదివారం ఆగమన్నాను. నలుగురం ఆయన హాల్లోనే కూర్చుని సరిగ్గా పోల్చి చూశాం. ఆ రోజు ఏం చేశామో, ఏం తెలిసిందో ఇప్పుడు చెప్తాను. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు.

ముందుగా, నా పాత వీడియోలో జరిగిన తప్పేంటో చూద్దాం. అప్పుడు రెండు యాంప్‌ల వాల్యూమ్ నాబ్‌లూ సరిగ్గా మధ్యకి పెట్టాను. రెండూ సమానం అనుకున్నాను. కానీ నాబ్ ఎక్కడుందన్న దానికి అర్థం ఏమీ లేదండి. ఒక్కో యాంప్ గెయిన్ ఒక్కోలా ఉంటుంది. అంటే లోపలికి వచ్చిన సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది డిజైన్ చేసినవాళ్ల ఇష్టం. ఈసారి అవే నాబ్ పొజిషన్లలో పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో కొలిచాను. ఇంపోర్టెడ్ యాంప్ 2.00 వోల్టులు, మాస్టారి యాంప్ 1.68 వోల్టులు. డెసిబెల్స్‌లోకి మారిస్తే ఒకటిన్నర డెసిబెల్ తేడా.

ఒకటిన్నర డెసిబెల్ అంటే "సౌండు పెరిగింది" అని మనకి అనిపించేంత పెద్ద తేడా కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. అంత చిన్న తేడా సౌండు పెరిగినట్టు కాకుండా "క్వాలిటీ బాగుంది" అన్నట్టు వినిపిస్తుంది. దీనికి కారణం మన చెవి. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు, చెవి అన్ని ఫ్రీక్వెన్సీలనీ ఒకేలా వినదని కొలిచి చూపించారు. తక్కువ వాల్యూమ్‌లో మనకి బేస్ సరిగ్గా వినపడదు. వాల్యూమ్ పెంచుతుంటే మిగతా వాటికన్నా బేస్ ఎక్కువగా పైకి లేస్తుంది. అంటే కొంచెం ఎక్కువ సౌండున్న యాంప్‌లో బేస్ నిండుగా అనిపిస్తుంది, వెనకాల ఉన్న చిన్న వాయిద్యాలు కూడా బయటికి వస్తాయి. నేను చెప్పిన "తెర తీసేసినట్టుంది" అన్నది ఈ ఒకటిన్నర డెసిబెలే. మాస్టారి యాంప్ నాబ్ ఒక్క గీత పైకి తిప్పి ఉంటే ఆ తెర ఖర్చు లేకుండా తొలగిపోయేది.

కాబట్టి మొదటి రూలు: లెవెల్ మ్యాచింగ్. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 200 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. చవక మల్టీమీటర్లు ఏసీ వోల్టేజీని తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే నమ్మకంగా చూపిస్తాయి, అందుకే 200. స్పీకర్ కనెక్ట్ అయ్యి ఉండగానే, దాని టెర్మినల్స్ దగ్గర కొలవండి. రెండు యాంప్‌ల మధ్య తేడా 0.1 డెసిబెల్ లోపే ఉండాలి. వోల్టేజీలో అది దాదాపు 1.2 శాతం. ఒకటి 2.00 అయితే రెండోది 2.02 దాటకూడదు. నాబ్‌తో అంత సన్నగా పెట్టడం విసుగు పుట్టిస్తుంది, నాకు ఇరవై నిమిషాలు పట్టింది. కానీ ఇది చేయకపోతే మిగతా టెస్ట్ అంతా వృథా.

రెండో రూలు: ఏది ప్లే అవుతోందో వినేవాళ్లకి తెలియకూడదు. దీనికి ఏబీఎక్స్ అని ఒక పద్ధతి ఉంది. ఇది కూడా బెల్ ల్యాబ్స్ నుంచే వచ్చింది, 1950లో మన్సన్, గార్డనర్ రాసిన పేపర్‌లో. ఆ మన్సనే ఈ మన్సన్. తర్వాత హైఫై పరికరాల కోసం దీన్ని ఒక స్విచ్ బాక్స్‌గా కూడా తయారు చేశారు. పద్ధతి చాలా సింపుల్. ఏ అంటే మొదటి యాంప్, బీ అంటే రెండో యాంప్. ఈ రెండూ ఏవో మీకు తెలుసు. ఎక్స్ అంటే ఆ రెంటిలో ఏదో ఒకటి, ఏదో మీకు చెప్పరు. ఏ, బీ, ఎక్స్ మూడూ ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు విని, ఎక్స్ ఏదో చెప్పాలి. అంతే.

మా బీటెక్ ఫ్రెండ్ ఒకడున్నాడు, వాడు స్విచ్ బాక్స్ చేసుకొచ్చాడు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, దయచేసి వినండి. రెండు యాంప్‌ల అవుట్‌పుట్‌లు ఒక్క క్షణం కూడా ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే ఏదో ఒకటి కాలిపోతుంది. మైనస్ వైర్లన్నీ కలిపేసి ప్లస్ మాత్రమే స్విచ్ చేద్దాం అనుకోవద్దు. చాలా క్లాస్ డీ యాంప్‌లలో మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, దాని మీద కూడా సిగ్నల్ ఉంటుంది. కాబట్టి రెండు ఛానళ్ల ప్లస్, మైనస్ నాలుగు వైర్లూ మారే స్విచ్ కావాలి. పాత కనెక్షన్ పూర్తిగా తెగాకే కొత్తది కలిసే రకం అయ్యుండాలి. ఈ పని మీకు కొత్తయితే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

యాంప్‌లన్నీ ఒక టేబుల్ మీద పెట్టి, అడ్డంగా తాడు కట్టి, మాస్టారి ఇంట్లో దుప్పటి వేలాడదీశాం. మావాడు దుప్పటి వెనక కూర్చుని, ప్రతి రౌండ్‌కీ రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మా బొరుసా చూసి ఎక్స్ ఏదో పుస్తకంలో రాసుకుంటాడు. మాట్లాడడు, దగ్గడు, మా మొహాలు చూడడు. ఇంకో చిన్న విషయం. ఏ నుంచి ఎక్స్‌కి మారమన్నప్పుడు ఎక్స్ కూడా ఏ అయితే స్విచ్ కదలదు, టక్‌మని శబ్దం రాదు. అది కూడా ఒక క్లూనే. అందుకే ప్రతిసారీ స్విచ్ అటూ ఇటూ తిప్పి అప్పుడు పెట్టాలి. ఇది మాస్టారు పట్టుకున్నారు. ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పిల్లల కాపీ రికార్డులు పట్టుకున్న కళ్లు కదా.

మూడో రూలు: ఎన్నిసార్లు? మేము ఒక్కొక్కరం, ఒక్కో జతకి 16 రౌండ్లు పెట్టుకున్నాం. ఏమీ వినకుండా గుడ్డిగా చెప్పినా సగం, అంటే ఎనిమిది కరెక్ట్ అవుతాయి. 16లో 12 లేదా అంతకంటే ఎక్కువ కేవలం అదృష్టంతో రావడానికి అవకాశం నాలుగు శాతం లోపే. కాబట్టి 12 దాటితే ఆ మనిషికి నిజంగా తేడా తెలుస్తోందని అనుకోవచ్చు. మూడుసార్లు విని మూడూ కరెక్ట్ చెప్పాను అంటే కుదరదు. ఎనిమిది మంది గుడ్డిగా చెప్తే సగటున ఒకరికి అది దానంతటదే వచ్చేస్తుంది.

టేబుల్ మీద నాలుగు యాంప్‌లు. అన్నది ఇంపోర్టెడ్, ఛానల్‌కి 80 వాట్లు. మాస్టారిది 25 వాట్లు. మావాడు టీపీఏ3116 అనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న క్లాస్ డీ బోర్డు కొని, 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ తగిలించి చేసుకున్నది, డబ్బాతో కలిపి మూడు వేల రూపాయల్లోపే అయ్యింది. నాలుగోది ఒక ట్యూబ్ యాంప్, అన్న తన ఫ్రెండ్‌ని బతిమాలి రెండు రోజులకి తెచ్చాడు. ఈఎల్34 ట్యూబ్‌లు, ఛానల్‌కి ఎనిమిది వాట్లు. మావాడు స్విచ్ దగ్గర ఉన్నాడు కాబట్టి వినేది ముగ్గురం.

మొదటి జత: ఇంపోర్టెడ్, మాస్టారి యాంప్. మామూలుగా ఇంట్లో వినే వాల్యూమ్. అన్న మొదటి మూడు రౌండ్లు చకచకా చెప్పేశాడు. ఐదో రౌండ్ నుంచి కళ్లు మూసుకున్నాడు. పదో రౌండ్‌కి "ఒరేయ్, ఇందాకటిది మళ్ళీ పెట్టరా" అంటున్నాడు. లెక్క చూస్తే నాకు 16లో 7, అన్నకి 9, మాస్టారికి 8. అంటే ఎవరికీ తేడా తెలియలేదు. కెమెరా ముందు "పాట విచ్చుకుంది" అన్న నాకు అందరికన్నా తక్కువ.

రెండో జత: ఇంపోర్టెడ్, మూడు వేల క్లాస్ డీ. నాకు 9, అన్నకి 10, మాస్టారికి 8. మళ్ళీ అంతే. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. లక్షా ఎనభై వేలు పెట్టినవాడి బాధ నాకు అర్థమైంది. నిజానికి ఆయన పెట్టిన డబ్బులో బిల్డ్ ఉంది, రిమోట్ ఉంది, ఎక్కువ పవర్ ఉంది, పాతికేళ్లు నడుస్తుందన్న నమ్మకం ఉంది. అవేవీ అబద్ధం కాదు. కానీ మేము కూర్చున్న చోట, ఆ వాల్యూమ్‌లో, ఆ స్పీకర్లతో వినపడే తేడా మాత్రం మా ముగ్గురికీ దొరకలేదు.

ఇది మాకు మాత్రమే జరిగింది కాదు. 1987లో అమెరికాలో స్టీరియో రివ్యూ పత్రిక ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున పెట్టింది. రెండొందల డాలర్ల చిల్లర రిసీవర్ నుంచి 12,000 డాలర్ల ట్యూబ్ యాంప్‌ల దాకా ఆరు రకాలు, ఇరవై ఐదు మంది శ్రోతలు, అందులో యాంప్‌లకి తేడా ఉందని గట్టిగా నమ్మేవాళ్లూ ఉన్నారు. మొత్తం ఫలితం బిళ్ళ ఎగరేసినట్టే వచ్చింది. రిచర్డ్ క్లార్క్ అనే కార్ ఆడియో ఇంజనీర్ 10,000 డాలర్ల పందెం కూడా పెట్టాడు. లెవెల్స్ మ్యాచ్ చేసి, యాంప్‌ని దాని శక్తికి మించి నడపకుండా, పన్నెండేసి రౌండ్లు రెండుసార్లు, మొత్తం 24కి 24 కరెక్ట్ చెప్పాలి. చాలామంది ప్రయత్నించారు, ఆ డబ్బు ఎవరూ గెలుచుకోలేదు.

"అయితే అన్ని యాంప్‌లూ ఒకటేనా?" అని మీరు అడుగుతారు. కాదండి. మూడో జత అందుకే ముఖ్యం.

ఇంపోర్టెడ్, ట్యూబ్ యాంప్. నాకు 16లో 14. అన్నకి 15. ఇది అదృష్టం కాదు, నిజంగా తేడా ఉంది. ట్యూబ్‌లో గొంతు, వయొలిన్లు కాస్త ముందుకొచ్చి, పైన కొంచెం మెరుపు కలిసినట్టు ఉంది. ఎందుకో కొలిచి చూశాం. ట్యూబ్ యాంప్‌కి ఏమీ తగిలించకుండా 2.5 వోల్టులు వచ్చేలా పెట్టి, తర్వాత 8 ఓమ్స్ రెసిస్టర్ తగిలించాం. వోల్టేజీ 2.0కి పడిపోయింది. అంటే యాంప్ లోపలే 2 ఓమ్స్ అడ్డుగా ఉన్నట్టు లెక్క. దీన్నే అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అంటారు.

ఇప్పుడు స్పీకర్ సంగతి చూడండి. వెనకాల 8 ఓమ్స్ అని రాసి ఉంటుంది కానీ, అది అన్ని ఫ్రీక్వెన్సీల్లో 8 కాదు. మాస్టారి స్పీకర్లు 200 హెర్ట్జ్ చుట్టుపక్కల 4 ఓమ్స్‌కి దిగుతాయి, 3,000 హెర్ట్జ్ పైన 20 ఓమ్స్ దాకా ఎక్కుతాయి. లోపల 2 ఓమ్స్ ఉన్న యాంప్ నుంచి 4 ఓమ్స్ దగ్గర స్పీకర్‌కి చేరేది వోల్టేజీలో 67 శాతం, 20 ఓమ్స్ దగ్గర 91 శాతం. డెసిబెల్స్‌లో ఇది 2.7 తేడా. అంటే ట్యూబ్ యాంప్ ఆ స్పీకర్‌తో కలిసి, మనం అడక్కుండానే ట్రెబుల్ నాబ్ తిప్పినట్టు చేస్తోంది. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌లో ఆ అడ్డు 0.05 ఓమ్స్ లాంటిది, దాంతో లెక్కేస్తే తేడా 0.1 డెసిబెల్ కూడా ఉండదు. అందుకే "ట్యూబ్ మ్యాజిక్" అనేది ఒక స్పీకర్‌తో ఒకలా, ఇంకో స్పీకర్‌తో ఇంకోలా ఉంటుంది.

1985లో బాబ్ కార్వర్ అనే డిజైనర్ ఇదే విషయం మీద స్టీరియోఫైల్ పత్రిక వాళ్లతో పందెం కాశాడు. వాళ్లు ఎంచుకున్న ఖరీదైన ట్యూబ్ యాంప్‌లాగే తన చవక ట్రాన్సిస్టర్ యాంప్‌ని వినిపించేలా మారుస్తానన్నాడు. రెంటి అవుట్‌పుట్‌లనీ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని వింటూ, అది దాదాపు సున్నా అయ్యేదాకా సర్దుతూ వెళ్లాడు. చివరికి పత్రిక వాళ్లు తేడా చెప్పలేకపోయారు. అంటే యాంప్‌ల మధ్య వినపడే తేడా నిజంగా ఉంటే, దాన్ని కొలవొచ్చు, కావాలంటే తయారు కూడా చేయొచ్చు.

ఇంకో తేడా క్లిప్పింగ్. మ్యూజిక్‌లో సగటు కన్నా డ్రమ్ దెబ్బలు పది డెసిబెల్స్ పైన కూడా లేస్తాయి. పది డెసిబెల్స్ అంటే పది రెట్ల పవర్. సగటున 3 వాట్లు వింటుంటే దెబ్బ పడ్డప్పుడు 30 వాట్లు కావాలి, మాస్టారి యాంప్ దగ్గర ఉన్నది 25. వాల్యూమ్ బాగా పెంచగానే డప్పు చిరిగిన గుడ్డలా వినిపించింది, ముగ్గురం వెంటనే పట్టేశాం. అందుకే పవర్ చూసుకోవాలి. కానీ 50 వాట్ల బదులు 100 వాట్లు కొంటే వచ్చేది మూడు డెసిబెల్సే అని కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ట్యూబ్ రౌండ్‌లో మాస్టారి స్కోరు చెప్పలేదు కదా. 16లో 8.

మావాడు దుప్పటి వెనక నుంచి స్కోర్లు చదివాక హాల్లో గోల మొదలైంది. "మాస్టారూ, మీ యాంప్ లక్షా ఎనభై వేల యాంప్‌తో సమానం, స్వీట్లు తెప్పించండి" అని అన్న అంటున్నాడు. మాస్టారు నవ్వలేదు. మావాడి చేతిలో పుస్తకం తీసుకుని ట్యూబ్ పేజీ చూశారు. నా వరస, అన్న వరస, తన వరస. "ఇందులో తేడా ఉందంటున్నారుగా, కొలిచాం కూడా" అన్నారు. ఉంది మాస్టారూ అన్నాను. "అంటే మీ ఇద్దరికీ వినపడేది నాకు వినపడట్లేదన్నమాట."

ఎవరం ఏం మాట్లాడలేదు. వంటింట్లోంచి మేడమ్ గారు, అదే మాస్టారి భార్య, "ఆర్నెల్ల నుంచి చెప్తూనే ఉన్నా, టీవీ అంత సౌండు ఎందుకండీ అని. మనవరాలు ఫోన్లో మాట్లాడితే నంగినంగిగా మాట్లాడుతోందంటారు. అది శుభ్రంగానే మాట్లాడుతుంది" అన్నారు.

టోన్ యాప్ చేతిలోనే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టి 1,000 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుతూ వెళ్లాను. 3,000 దగ్గర ఆయన కళ్లు చిట్లించడం మొదలుపెట్టారు. 6,000 దగ్గర నాకు గట్టిగా వినపడుతోంది, ఆయన "పెట్టావా?" అని అడిగారు. జల్లరల మెరుపు, వయొలిన్ పైన ఉండే సన్నదనం, స, శ, చ లాంటి అక్షరాల స్పష్టత ఎక్కువగా ఈ పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి. వయసుతో వినికిడి తగ్గినప్పుడు మొదట పోయేది కూడా ఇదే. మెల్లగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలీదు. పాటలు మొద్దుబారాయనిపిస్తుంది, ఎదుటివాళ్లు గొణుగుతున్నారనిపిస్తుంది. యాంప్ పాడైందనిపిస్తుంది.

ఫోన్ యాప్ పరీక్ష డాక్టర్ పరీక్ష కాదు, అది అక్కడే చెప్పాను. చెవిలో గులిమి గట్టిపడినా వినికిడి తగ్గొచ్చు. వారం తిరక్కుండా మాస్టారు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి, అక్కణ్ణుంచి ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లారు. ఆడియోగ్రామ్ తీశారు. వయసుతో వచ్చేదే, రెండు చెవులకీ, పై ఫ్రీక్వెన్సీల్లో. వినికిడి మిషన్ పెట్టుకుంటే బాగుంటుందన్నారు.

ఆలోచించండి. ఆ ఆదివారం టెస్ట్ చేయకపోతే ఆయన లక్షా ఎనభై వేలు పెట్టి యాంప్ తెచ్చుకునేవారు. మొదటి వారం కొత్త మోజులో, కొంచెం ఎక్కువ వాల్యూమ్‌లో "తెర తీసినట్టే ఉంది" అనేవారు. తర్వాత మెరుపు మళ్ళీ పోయేది. మనవరాలి మాటలు ఎప్పటిలాగే నంగిగా వినపడేవి. డబ్బు పోవడం ఒక ఎత్తు, అసలు కారణం తెలియకుండా ఇంకో రెండు మూడేళ్లు గడిచిపోవడం ఇంకో ఎత్తు. అందులో నా వీడియోకి భాగం ఉండేది.

మీలో కొందరు అంటారు, "టెస్ట్ పెట్టినప్పుడు టెన్షన్ ఉంటుంది, తీరిగ్గా నెల రోజులు వింటేనే యాంప్ గుణం తెలుస్తుంది" అని. సరైన ప్రశ్నే. అయితే తీరిగ్గానే వినండి, కానీ ఏదో తెలియకుండా వినండి. ఇంట్లోవాళ్లని యాంప్ మీద గుడ్డ కప్పమనండి, రోజుకొకటి మార్చమనండి, డైరీ రాయండి. ఇంకోటి, మాకు తేడా దొరకలేదంటే ప్రపంచంలో ఎవరికీ దొరకదని కాదు. ముగ్గురం, ఒక జత స్పీకర్లు, ఒక హాలు. మీ చెవులు, మీ గది వేరు. నేను చెప్పే ఫలితాన్ని నమ్మొద్దు, పద్ధతి తీసుకోండి.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే నా వరస ఇది. స్పీకర్లు ముందు, వాటి మధ్య తేడాలు కళ్లు మూసుకున్నా తెలుస్తాయి. తర్వాత గది. మన ఫ్లాట్లలో కింద టైల్స్, చుట్టూ బోసి గోడలు. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి, గణగణమంటే తివాచీ, మందపాటి కర్టెన్లు యాంప్ కన్నా ఎక్కువ మార్పు తెస్తాయి. తర్వాత యాంప్, మీ స్పీకర్లకి, మీ వాల్యూమ్‌కి క్లిప్ అవ్వనంత పవర్ ఉన్నది. యాభై దాటినవాళ్లయితే వీటన్నిటికన్నా ముందు ఒకసారి వినికిడి పరీక్ష. దానికి అయ్యే ఖర్చు ఒక మంచి స్పీకర్ కేబుల్ ఖరీదు కూడా ఉండదు.

నా పాత వీడియో తీసేయలేదు. తీసేస్తే తప్పు దాచినట్టుంటుంది. దాని కింద మొదటి లైన్‌లోనే "ఇందులో లెవెల్స్ మ్యాచ్ చేయలేదు, నా అభిప్రాయం లెక్కలోకి తీసుకోవద్దు" అని రాసి, ఈ ఎపిసోడ్ లింక్ పెట్టాను.

ఈ కథ చెప్పొచ్చా అని మాస్టారిని అడిగాను. "చెప్పవయ్యా, నాలాంటివాళ్లు వింటారు. వినపడితే" అన్నారు. పోయిన వారం వాళ్లింటికి వెళ్తే, పాత 2ఎన్3055 యాంప్ మీదే ఏదో పాట వస్తోంది, వాల్యూమ్ ఎప్పటికన్నా తక్కువగా ఉంది. చెవుల వెనక చిన్న మిషన్లు. ఆయన ఊరుకుంటారా, దాని గురించి అప్పటికే అంతా చదివేశారు. ఒక మైకు, ఒక యాంప్, ఒక బుల్లి స్పీకర్, 1.4 వోల్టుల జింక్ ఎయిర్ బ్యాటరీ. "లోపలున్నది క్లాస్ డీ అయ్యా. మొత్తానికి కొత్త యాంప్ కొనిపించావు నాతో" అన్నారు. మనవరాలు ఫోన్ చేసింది, లేచి బాల్కనీలోకి వెళ్లి మాట్లాడుకుంటున్నారు. ఈసారి స్పీకర్ ఫోన్ పెట్టలేదు.

ఇదండీ ఈ వారం సంగతి. మీరు మీ ఫ్రెండ్స్‌తో ఈ టెస్ట్ చేస్తే స్కోర్లు నాకు రాయండి, 16లో ఎన్ని, ఏ స్పీకర్లతో, లెవెల్స్ ఎలా మ్యాచ్ చేశారు, అన్నీ రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మావాడి స్విచ్ బాక్స్ విప్పి వైరింగ్ మొత్తం చూపిస్తాను.